మా వీధిలో పద్దెనిమిది ఇళ్లు కలిపి కింద షాపులు, పైన ఫ్లాట్లు అంటున్నారు. ఏం అడగాలి?

గుంటమగ్గం · శనివారం, రాత్రి 9:40

ఒడిశాలోని మన బరంపురంలో ఉన్నవాళ్లు, బరంపురం వదిలి వెళ్లినవాళ్లు అందరూ చదవండి. కొంచెం పొడుగు.

మా వీధి మీలో చాలామందికి తెలుసు. పెద్దబజారు వెనక నేతగాళ్ల వీధుల్లో ఒకటి. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, ముందు అరుగులు, చివర పాత సత్రం. పోయిన నెల ఓ బిల్డరు మనిషి ఇంటింటికీ తిరిగాడు. పద్దెనిమిది ఇళ్లు, సత్రం కలిపి ఒకే స్థలం చేస్తారట. కింద రెండంతస్తులు షాపులు, పైన ఫ్లాట్లు, అడుగున పార్కింగ్. సత్రం ముందు గోడ ఒక్కటీ 'హెరిటేజ్' కింద ఉంచేసి రంగు కొడతారట. కంప్యూటర్ బొమ్మ కూడా చూపించాడు. సరిగ్గా మా అరుగు ఉన్న చోట కాఫీ షాపు, దాని ముందు లాప్‌టాప్ పెట్టుకుని ఎవరో అమ్మాయి.

నాన్న ఆ బొమ్మ చాలాసేపు చూశాడు. చూసి ఒక్కటే అడిగాడు: "మగ్గం ఎక్కడ?"

"మీకు మూడో అంతస్తులో ఫ్లాటు వస్తుంది అంకుల్, అక్కడ వేసుకోండి" అన్నాడు ఆ అబ్బాయి. నాన్నది గుంట మగ్గం. గుంటలో కాళ్లు పెట్టి తొక్కాలి. మూడో అంతస్తులో గుంట తవ్వితే నాన్న కాళ్లు రెండో అంతస్తు వాళ్ల వంటింట్లో వేలాడతాయి.

అప్పటికి నవ్వాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ అబ్బాయి చెప్పినదాంట్లో నిజాలూ ఉన్నాయి. మా వెనకగది దూలం చెదలు తినేసింది. వానొస్తే గిన్నెలు పెడతాం. పద్దెనిమిదిలో ఆరిళ్లకు తాళాలు. ఊరికే వద్దంటే సరిపోదు. ఏం కావాలో చెప్పగలగాలి. అది చెప్పడానికి సాయం చేయండి.

రెండో_వాటా · శనివారం, రాత్రి 10:15

ఆ తాళాల్లో ఒకటి మాది చెల్లాయ్. హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. అందరూ తిట్టేముందు నా మాట కూడా వినండి.

తాతయ్య ఇల్లు ఇప్పుడు ఏడు వాటాలు. ఇల్లు వెడల్పు పదకొండు అడుగులు, లోతు నూట ఇరవై. వెడల్పున పంచుకుంటే ఒక్కొక్కరికి అడుగున్నర వస్తుంది. పోనీ కూల్చి కొత్తది కట్టుకుందామని ఇంజనీరును పిలిచాను. పక్కల ఖాళీ వదలాలి, ముందు వదలాలి, వెనక వదలాలి అన్నాడు. అన్నీ వదిలాక మిగిలింది రైలు పెట్టె నడవా అంత. విడిగా ఎవరికీ ప్లాను పాసు కాదు, అందుకే బిల్డరు అందర్నీ కలుపుతానంటున్నాడు. ఇందులో కుట్ర ఏమీ లేదు. అరుగుల మీద కవిత్వం రాసేవాళ్లు ఆ అరుగుల మీద దోమల్లో ఓ రాత్రి పడుకుని చూడాలి.

నాకు డబ్బు కావాలి. సిగ్గుపడాల్సిందేముంది?

మాస్టారు_బరంపురం · ఆదివారం, ఉదయం 6:05

సిగ్గుపడక్కర్లేదు నాయనా. మీ తాతగారు నాకు ట్యూషన్ డబ్బులు చీరల రూపంలో ఇచ్చేవారు. డబ్బు అవసరమేంటో ఆ ఇంటికి ఎప్పుడూ తెలుసు.

ఒక్క విషయం గుర్తుచేస్తాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మనం మద్రాసు ప్రెసిడెన్సీ. మన ఇళ్ల తీరులో ఆ ముద్ర ఇప్పటికీ ఉంది. ఆ పై కప్పు సంగతి మన ఆర్కిటెక్టు అబ్బాయి సున్నంబెల్లం చెబుతాడు, నేను వీధి సంగతి చెబుతాను. మహురీ రాజులు పిలిస్తే రాజమహేంద్రవరం వైపు నుంచి మన నేతగాళ్లు వచ్చారని పెద్దలు చెప్పుకునే మాట. వచ్చినవాళ్లు ఇళ్లతో పాటు వీధిని కూడా నేతకు కొలిచి వేసుకున్నారు. పడుగు సాచడానికి పొడుగాటి చోటు కావాలి. తెల్లవారుజామున ఎండ ఎక్కకముందే వీధిలో పడుగు పరిచి, తెగిన పోగులు అతుక్కుంటూ నడిచిన రోజులు నేను చూశాను. అంటే ఆ వీధి మనకు రోడ్డు కాదు, ఇంట్లోని ఆఖరి గది.

ఇక ఠాకురాణి జాతర. రెండేళ్లకోసారి బుడీ ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు దేశీబెహరా వీధికి వస్తుంది. రాత్రిళ్లు ఘటాలు వీధి వీధి తిరుగుతాయి. గుమ్మం ముందు నీళ్లు చల్లి ముగ్గేసి ఆడవాళ్లు ఎదురుచూస్తారు. పులివేషాలు, రకరకాల మొక్కుబడి వేషాలు. ఆ గుమ్మాలు పోయి గేటు వచ్చిందనుకోండి. సెక్యూరిటీ అతను అమ్మవారి ఘటాన్ని ఆపి "ఏ ఫ్లాటుకు వెళ్లాలి, రిజిస్టరులో రాయండి" అంటాడా?

కిరాణా_కొట్టు · ఆదివారం, ఉదయం 7:30

మాస్టారికి నమస్కారం. సత్రం ముందు వరసలో మూడో కొట్టు నాది. ముప్ఫై ఏళ్లుగా అద్దెకు ఉన్నాను. బిల్డరు మనిషి నా కొట్లో సోడా తాగి, ఎదురింటి వాళ్లతో మాట్లాడి వెళ్లిపోయాడు. నన్ను ఒక్క ముక్క అడగలేదు. బొమ్మలో షాపులున్నాయి, సంతోషం. వాటి అద్దె ఎంతో ఎవరైనా అడిగారా? ఏసీ పెట్టిన కాంప్లెక్సులో పావుకిలో కందిపప్పు అప్పు ఎవరిస్తారు?

నాతో పాటు ఆ గోడవార కూర్చునే వాళ్లున్నారు. చేపల ఆవిడ, పూలావిడ, కత్తులు సానబట్టే ముసలాయన. వాళ్లకు అద్దె కాగితం కూడా లేదు.

సున్నంబెల్లం · ఆదివారం, ఉదయం 11:20

విశాఖలో ఉంటాను, పాత భవనాల మరమ్మతు నా వృత్తి. అమ్మమ్మగారి ఊరు బరంపురం. విడివిడిగా చెబుతాను, ఎక్కువైతే క్షమించండి.

ముందు కప్పు. మీ ముందుగదుల్లో తల ఎత్తి చూడండి. వరసగా టేకు దూలాలు, వాటి మీద పలచటి ఇటుకలు ఐమూలగా, నిలువుగా పేర్చి ఉంటాయి. అది మద్రాస్ టెర్రస్. పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి పోసి, కరక్కాయ, బెల్లం నీళ్లు చల్లుతూ ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టేవాళ్లు. ఆ కప్పు ఎక్కడో ఒకచోట కారితే ఇల్లంతా పోయినట్టు కాదు. పుచ్చిన దూలం ఒక్కటీ మార్చొచ్చు. కింద పోట్లు పెట్టి, పక్క దూలాలను కదపకుండా ఒక్కొక్కటే తీసి, కూల్చిన ఇళ్ల నుంచి వచ్చే పాత టేకు వేయాలి. పన్ను పుచ్చిందని దవడ తీయించుకోం కదా.

కారడానికి సగం కారణం మనమే. సున్నం గోడ తేమను పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూశామంటే లోపలి తేమకు దారి మూసుకుపోతుంది. అక్కడి నుంచి ఉప్పు పట్టి పొట్టులా రాలుతుంది. చెల్లాయ్, మీ వెనకగదికి ఎప్పుడైనా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారా?

గుంటమగ్గం · ఆదివారం, ఉదయం 11:32

ఫైలిన్ తుఫాను తరవాత చేయించాం. 2013 అక్టోబర్ 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది కదా. వెనక పెంకులన్నీ లేచిపోయాయి, ముందుగది కప్పు మాత్రం కదల్లేదు. మేస్త్రీ వచ్చి వెనక గోడలన్నిటికీ సిమెంటు పూసి "ఇక వందేళ్లు" అన్నాడు. మూడేళ్లకే పొట్టు.

సున్నంబెల్లం · ఆదివారం, మధ్యాహ్నం 12:10

అదే సంగతి. ఇక రెండోవాటా అన్న చెప్పిన సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ ఖాళీ వదలడం) విషయం నూటికి నూరుపాళ్లు నిజం, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పక్క గోడలు కలిసి ఉన్న పాత వీధికి కొత్త కాలనీ నియమం పెడితే ఆ వీధి దానంతటదే చచ్చిపోతుంది. మీరు అడగాల్సిన మొదటిది అక్కడే ఉంది. ఈ వీధికి వరుస ఇళ్లుగానే కట్టుకునే వీలు, అరుగు గీత దాటకుండా, ముందు ఎత్తు పెంచకుండా, కావాలంటే వెనక సగంలో ఇంకో అంతస్తు. వీధికి విడిగా ఒక లోకల్ ప్లాను వేయించుకోవాలి. అది లేకుండా ఎన్ని సంతకాలు పెట్టి వద్దన్నా పదేళ్లలో ఒక్కో ఇల్లూ కూలుతుంది.

పుదుచ్చేరిలో వైశ్యాళ్ వీధి చూశారా ఎవరైనా? అక్కడా మన అరుగుల్లాంటి తిణ్ణెలే. విడిగా ఒక్క బంగళాను కాకుండా వీధి వరసనంతా పట్టుకుని ఇంటి ముందుభాగాలు బాగుచేశారు. ఇళ్లలో ఉన్నవాళ్లు ఉన్నారు. 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. అదే ఊళ్లో ఇంకో కథ కూడా ఉంది. పాత మేరీ భవనం, అంటే ఫ్రెంచివాళ్ల నాటి మునిసిపల్ ఆఫీసు, పట్టించుకోక 2014 నవంబరులో కుప్పకూలింది. మళ్లీ అదే రూపంలో కట్టి 2021లో తెరిచారు. బాగానే ఉంది, కానీ అది కొత్త భవనం. మరమ్మతుకు అయ్యే ఖర్చు వాయిదా వేస్తే ఎంతవుతుందో చూసుకోండి.

అప్పడాలపిల్ల · ఆదివారం, మధ్యాహ్నం 2:45

అందరూ అరుగులంటున్నారు, ఎవరూ మేడ అనట్లేదు. మా అమ్మ, ఇద్దరు పిన్నులు, పక్కింటి అత్త కలిసి అప్పడాలు చేస్తారు. బరంపురం అప్పడం అని మీరు కొనుక్కునేది ఇలాంటి మేడల మీద ఆరిందే. పొద్దున ఎనిమిదికి పరుస్తారు, పదకొండుకు తిప్పుతారు. కాకులకు కాపలా నేను. ఫ్లాట్ల టెర్రస్ మీద వాటర్ ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు, మొబైల్ టవరు ఉంటాయి. "కామన్ ఏరియాలో వ్యాపారం నిషేధం" అని బోర్డు కూడా ఉంటుంది. పెద్దక్కవాళ్ల అపార్ట్‌మెంట్లో చూశాను.

మిక్స్‌డ్ యూజ్, అంటే కాపురం, వ్యాపారం ఒకేచోట అని ఆ బిల్డరు అబ్బాయి ఇంగ్లిషులో అదేదో కొత్తగా కనిపెట్టినట్టు చెప్పాడు. ముందుగదిలో మగ్గం, నడిమింట్లో కాపురం, మేడ మీద అప్పడాలు, అరుగు మీద పూలమ్మి. మా ఇల్లు ఎప్పట్నుంచో మిక్స్‌డ్ యూజే.

రెండో_వాటా · ఆదివారం, మధ్యాహ్నం 3:20

ఇది బాగా చెప్పావమ్మా. ఒప్పుకుంటున్నాను. కానీ నా ఏడు వాటాల లెక్క ఇంకా అక్కడే ఉంది. టీడీఆర్ అని ఏదో ఉందట కదా, పాత ఇల్లు ఉంచుకున్నందుకు పైన కట్టే హక్కు వేరేవాళ్లకు అమ్ముకోవచ్చని. అది రాదా?

సున్నంబెల్లం · ఆదివారం, సాయంత్రం 4:50

ఉంది. ముంబయిలో 1995 నాటి హెరిటేజ్ నియమాలతో పాత భవనాల యజమానులకు ఆ వెసులుబాటు వచ్చింది. అహ్మదాబాద్ పోళ్లలోనూ ఇచ్చారు. పోళ్లంటే మన వీధుల్లాగే ఇరుకు సందులు, ఆనుకున్న చెక్క ఇళ్లు. 2017లో ఆ పాతనగరం యునెస్కో ప్రపంచ వారసత్వ నగరమైంది, దేశంలో మొదటిది. ఒడిశాలోనూ 2015లో టీడీఆర్ నియమాలు వచ్చాయి.

కానీ అన్నా, అది టోకెన్ లాంటిది కాదు, కౌంటర్లో ఇస్తే డబ్బులు రావు. ఆ హక్కు కొనే బిల్డరు ఉండాలి. అనుమతి ఉన్నదానికంటే ఎక్కువ అంతస్తులు కట్టాలన్న ఆత్రం ఉన్న ఊళ్లోనే దానికి ధర. ముంబయిలో ఉంటుంది. మన ఊళ్లో అంత గిరాకీ ఉంటుందని నేను నమ్మను. దాని మీద లెక్క కట్టొద్దు.

చాందా_కుర్రాడు · ఆదివారం, రాత్రి 8:30

చంద్రపూర్ నుంచి. మా తాతలు బల్లార్‌పూర్ గనుల్లోకి వచ్చినవాళ్లు, ఇంట్లో తెలుగే. మీకు ఓ హెచ్చరిక.

మా ఊరి చుట్టూ గోండు రాజుల కోట గోడ ఉంది. జట్‌పురా గేటు, పఠాన్‌పురా గేటు, పాత ఊరంతా దాని లోపలే. ఏళ్లపాటు గోడ మీద రావిచెట్లు, ముళ్లకంపలు, చెత్త. 2017లో ఎకో-ప్రో అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పొద్దున్నే వచ్చి గోడ శుభ్రం చేయడం మొదలుపెట్టారు. రోజూ చేశారు. ప్రధాని రేడియోలో కూడా ప్రస్తావించారు. ఇప్పుడు గోడ మీద నడవొచ్చు. అది గర్వమే.

కానీ గోడ పక్కన ఉన్న చిన్న ఇళ్లవాళ్లను అడగండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత ఇంకో రెండొందల మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. మా మేనత్త వాళ్ల ఇంటికి మరుగుదొడ్డి మరమ్మతు చేయించడానికి కాగితాల చుట్టూ తిరిగి తిరిగి నీరసపడ్డారు. 'హెరిటేజ్ అని ప్రకటించండి' అని తొందరపడి అడగొద్దు. ఏ రకం హెరిటేజో, ఎవరి కిందో, మరమ్మతుకు ఎన్ని రోజుల్లో అనుమతి ఇస్తారో ముందే రాయించుకోండి.

మహేంద్రతనయ · ఆదివారం, రాత్రి 9:10

పర్లాకిమిడి నుంచి చిన్న మాట. మాకు పెద్ద ప్యాలెస్ ఉంది, చిషోమ్ అనే ఇంగ్లిషు ఆర్కిటెక్టు గీసిన నమూనా అని చూడ్డానికి జనం వస్తారు. కొమ్ముతో దువ్వెనలు, కొంగలు చెక్కే ఇళ్లు ఎక్కడున్నాయో వచ్చినవాళ్లలో ఒక్కరు అడగరు. ప్యాలెస్‌కు ఫొటోలు, కొమ్ము పనివాడికి పస్తులు. మీ వీధిలో సత్రం గోడ ఉంచి మగ్గాలు తీసేయడం కూడా అదే బాపతు.

పూరీ గుర్తు పెట్టుకోండి. 2019లో గుడి ప్రాకారం చుట్టూ డెబ్బై అయిదు మీటర్ల మేర మఠాలు, దుకాణాలు, ఇళ్లు తీసేశారు. ఎమార్ మఠం లాంటి శతాబ్దాల నాటివి కూడా. 2024 జనవరిలో కారిడార్ తెరిచారు. భక్తులకు ఊపిరాడుతోంది, కాదనను. మా అమ్మ కిందటేడు హాయిగా నడిచింది. కానీ ఆ మఠాలు మళ్లీ రావు.

మాస్టారు_బరంపురం · ఆదివారం, రాత్రి 9:40

సత్రం సంగతి ఎవరూ ఎత్తలేదు. అది ఎవరిది? బిల్డరు దాన్ని కూడా ఇంట్లో సరుకులా కలిపేసుకున్నాడు. ఎవరో పుణ్యాత్ములు బాటసారుల కోసం రాసిచ్చింది. 1951 నాటి ఒడిశా హిందూ ధర్మాదాయ చట్టం కిందికి వస్తే కమిషనర్ అనుమతి లేకుండా అమ్మడం గానీ, అయిదేళ్లకు మించి లీజుకు ఇవ్వడం గానీ కుదరదు. ముందు తహసీల్ ఆఫీసులో పట్టా నకలు తీయండి. ఎవరి పేరున ఉందో తెలియకుండా మాట్లాడుకోవడం పెళ్లికొడుకు లేకుండా పందిరేయడమే.

సున్నంబెల్లం · ఆదివారం, రాత్రి 10:05

మాస్టారూ, ఇది అన్నిటికంటే పెద్ద పాయింటు. సత్రం మీ చేతికి వస్తే లెక్క మారిపోతుంది.

నా ఆలోచన చెబుతాను, తప్పులుంటే కొట్టేయండి. ఆ తాళాలేసిన ఆరిళ్లు అమ్మకుండా కలిపి అద్దెకివ్వండి, యజమానులంతా ఒక సొసైటీగా. ముందుగది వీధి వైపు దుకాణం లేదా మగ్గం, అది కచ్చితంగా నేల మీదే. వెనక గదులు జాతర రోజుల్లో, పెళ్లిళ్ల సీజన్లో బయటి బంధువులకు దిగడానికి. మన పట్టు చీరకు, ఫొడా కుంభొ అంచుకు 2012లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చింది. కొనాలని వచ్చినవాళ్లు నేత చూసి కొనే చోటు ఈ వీధి కాకపోతే ఇంకెక్కడ? సత్రంలో ముందు వరస పాత కొట్లవాళ్లకే, పాత అద్దెకు ఏటా కొంచెం కలిపి. లోపలి వసారా పడుగు సాచుకోవడానికి, పిల్లల చదువుకు, అప్పడాల ప్యాకింగుకు. వాహనాలు వీధి చివర, లోపలికి రాత్రి సామాను బండ్లు, అంబులెన్సు మాత్రమే. ఫైరింజన్ ఈ వీధిలోకి పట్టదు కాబట్టి ప్రతి నాలుగిళ్లకో నీటి కొళాయి, గొట్టం. ఇది మాత్రం బేరం లేదు, చెక్క దూలాల ఇళ్లివి.

కిరాణా_కొట్టు · ఆదివారం, రాత్రి 10:20

మరి గోడవార కూర్చునేవాళ్లో?

సున్నంబెల్లం · ఆదివారం, రాత్రి 10:31

వాళ్లకు చట్టమే ఉంది అన్నా. వీధి వ్యాపారుల చట్టం, 2014. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా లేపకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం నలభై శాతం వ్యాపారులే ఉండాలి, అందులో మూడోవంతు ఆడవాళ్లు. చేపల ఆవిడ పేరు, కూర్చునే చోటు, ఏ టైములో కూర్చుంటుందో రాసిపెట్టండి. ఫొటో తీయండి.

రెండో_వాటా · ఆదివారం, రాత్రి 11:00

అద్దె నెలనెలా నా ఖాతాలో పడితే నేను మూడేళ్లు ఆగుతాను. మిగతా ఆరుగురితో మాట్లాడి చూస్తాను, మా రెండో బాబాయి మాత్రం వినడు. కానీ ఇది జరక్కపోతే నేను బిల్డరుకే ఇస్తాను, ముందే చెబుతున్నాను. అప్పుడు నన్ను విలన్ అనకండి.

ఇంకో మాట. ఎవరైనా బిల్డరు కాగితం మీద సంతకం పెడితే, తిరిగి రద్దు చేసుకోలేని పవర్ ఆఫ్ అటార్నీ అందులో ఉందేమో చూడండి. మా ఆఫీసులో లాయరు చెప్పాడు. స్థలం అయిదొందల చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా రెరాలో, అంటే బిల్డర్ల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థలో, రిజిస్టరు చేయాల్సిందే. కొన్నవాళ్ల డబ్బులో డెబ్బై శాతం విడి ఖాతాలో ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే ఆ అబ్బాయి ముఖం ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

గుంటమగ్గం · సోమవారం, ఉదయం 5:50

నాన్నకు ఇదంతా చదివి వినిపించాను. అప్పడాల దగ్గర నవ్వాడు. "వాళ్లకు బొమ్మ ఉంది, మనకూ ఒక బొమ్మ ఉండాలి" అన్నాడు. నిజమే. మన దగ్గర కాగితం మీద ఏమీ లేదు. ఏ ఇంట్లో మగ్గం ఉంది, ఏ మేడ మీద అప్పడాలు, ఏ అరుగు మీద ఎవరు ఏ టైముకు కూర్చుంటారు, ఘటం ఎటు వచ్చి ఎటు తిరుగుతుంది, ఏ దూలం పుచ్చింది. వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి సత్రం దగ్గర మొదలుపెడదాం, ఎండెక్కేలోపు ఒక వరస కొలిచేద్దాం. మాస్టారు పట్టా నకలు చూసుకుంటారు.

యాభై మీటర్ల టేపు ఎవరి దగ్గరైనా ఉందా? మా ఇంట్లో ఉన్నది చీర కొలిచేది.

కిరాణా_కొట్టు · సోమవారం, ఉదయం 6:02

నా దగ్గర ఉంది. పాతది, మొదటి నాలుగు అంగుళాలు చిరిగిపోయాయి. అయిదు నుంచి మొదలుపెట్టి తీసేసుకుందాం. టీలు నావి.

అప్పడాలపిల్ల · సోమవారం, ఉదయం 6:10

ఎనిమిదికల్లా మేడ కొలతలు అయిపోవాలి. తరవాత అమ్మ ఎవర్నీ ఎక్కనివ్వదు.